డెన్మార్క్‌లోని మరియాగర్‌కి ఎలా వెళ్లాలి, ఏం చూడాలి?

మరియాగర్ ఫ్యోర్డ్ (సముద్రం నుంచి నేలలోకి చొచ్చుకొచ్చే పాయ) ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఫ్యోర్డ్ అనగానే నార్వే కొండచరియలు ఊహించుకుంటే ఇక్కడ నిరాశే. మరియాగర్ ఫ్యోర్డ్ డెన్మార్క్‌లోని జట్లాండ్ ద్వీపకల్పం తూర్పు తీరం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి ఉప్పునీటి పాయ. రెండు పక్కలా చిన్న గుట్టలు, పొలాలు, అడవి. హడావుడి లేని ప్రయాణం కావాలనుకునేవాళ్లకే ఇది.

ముందు విమానం టికెట్ కాదు, రోజు ఖాయం చేసుకోండి. మరియాగర్ నుంచి హాండెస్ట్ అనే ఊరి దాకా సుమారు 17 కిలోమీటర్లు నడిచే పాతకాలపు రైలు, ఫ్యోర్డ్ మీద తిరిగే, నీళ్లను తోసే పెద్ద చక్రాలతో నడిచే పడవ ‘స్వానెన్’, రెండూ సీజన్‌ని బట్టే నడుస్తాయి. రైలు ముఖ్యంగా వేసవి ఆదివారాల్లో నడుస్తుంది. ఆ ఏడాది టైమ్‌టేబుల్ చూసుకున్నాకే మిగతావి బుక్ చేయండి. జూన్, జులై అయితే వీధుల్లో గులాబీలు కూడా ఉంటాయి. ఈ ఊరికి ‘గులాబీల పట్టణం’ అని పేరు. భారత పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, చివరి వారం దాకా ఆగి టెన్షన్ పడకండి.

కోపెన్‌హేగన్ నుంచి ఆల్‌బోర్గ్ వైపు రైలెక్కి హోబ్రోలో దిగాలి. ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. అక్కడి నుంచి మరియాగర్‌కి బస్సు. వేళలకి ‘రైసెప్లానెన్’ యాప్ చాలు. శని, ఆదివారాల్లో బస్సులు తక్కువ, తిరుగు బస్సు ముందే చూసుకోండి.

హోబ్రోలో దిగారు కాబట్టి ఫ్యూర్కాట్ వదలొద్దు. హారాల్డ్ బ్లూటూత్ రాజు కాలంలో, 980 ప్రాంతంలో కట్టిన గుండ్రటి వైకింగ్ కోట ఇది. మన ఫోన్లలోని బ్లూటూత్‌కి ఆ పేరు ఈయనదే! 2023లో యునెస్కో జాబితాకెక్కింది. కనిపించేది గడ్డి పట్టిన మట్టికట్టే. లోపల పదహారు పొడవాటి ఇళ్లు నాలుగు చతురస్రాలుగా ఉండేవి. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది కోట పక్క శ్మశానంలో దొరికిన ఓ స్త్రీ సమాధి. అందులో లోహపు కర్ర, ఖురాసానీ వాము గింజలు బయటపడ్డాయి. ఆ గింజలు మత్తెక్కించేవి కాబట్టి ఆమె సోదె చెప్పే మనిషి అయి ఉంటుందని పురావస్తు పండితుల అంచనా.

మరియాగర్‌లో రాళ్లు పరిచిన వీధులు, 15వ శతాబ్దపు బ్రిజిటైన్ (సెయింట్ బ్రిజిట్ పేరిట ఏర్పడిన క్రైస్తవ సన్యాస శాఖ) మఠం, దాని చర్చి చూడటానికి ఒక పూట సరిపోతుంది. పిల్లలుంటే రేవు దగ్గర సాల్ట్ సెంటర్‌కి (ఉప్పు గురించి చెప్పే ప్రదర్శనశాల) తీసుకెళ్లండి: అక్కడి కొలనులో నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయంటే ఈత రాకపోయినా తేలుతారు. ఒంటిమీద గీతలు, పుళ్లు ఉంటే మాత్రం దిగొద్దు, మంట పుడుతుంది.

ఊరికి దక్షిణాన హోహోయ్ ఉంది. డెన్మార్క్‌లో అన్నిటికంటే ఎత్తైన కాంస్యయుగపు సమాధి దిబ్బ, ఎత్తు 12 మీటర్లు. ఎక్కితే చుట్టుపక్కల పల్లెలన్నీ కనబడతాయి. గాలి మాత్రం తెగ వీస్తుంది. ఎండాకాలమైనా జాకెట్ ఉండాలి.

తిండి సంగతి: శాకాహారులకి చిన్న ఊళ్ల హోటళ్లలో దొరికేవి కొన్నే. సూపర్‌మార్కెట్‌లో రై బ్రెడ్, చీజ్, పళ్లు కొనుక్కోండి. నీళ్ల సీసాలకి డబ్బులు తగలేయకండి, కుళాయి నీళ్లు తాగొచ్చు. అక్కడ చెల్లేది క్రోన్, యూరో కాదు. ఎక్కువచోట్ల కార్డు సరిపోతుంది.