డ్రెస్ వాచీతో స్విమ్మింగ్ పూల్‌లో దిగొచ్చా?

సూటిగా చెప్పేస్తాను, దిగొద్దు. చెన్నై ఓఎంఆర్ రోడ్డులోని మా అపార్ట్‌మెంట్ పూల్ దగ్గర ఆదివారం పొద్దున్న పిల్లలకి ఈత నేర్పిస్తున్న నాన్నల్ని చూస్తుంటాను, కొందరి చేతికి తోలు బెల్టుతో సన్నటి ఖరీదైన డ్రెస్ వాచీ అలాగే ఉంటుంది. అడిగితే "వెనకాల వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు అని రాసుందండీ, మన పూల్ 5 అడుగులేగా" అంటారు. రాసి ఉన్న మాట నిజమే, కానీ దాని అర్థం 30 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు.

ఆ అంకె 3 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడి లెక్క. కొత్త వాచీని కదలకుండా ఉంచి చేసే పరీక్షకి సంబంధించింది. చేతులు కడుక్కునేటప్పుడు పడే చుక్కలకీ, వానలో నాలుగు అడుగులు వేసినప్పటి తడికీ సరిపోతుంది, అంతే. ఈతలో చెయ్యి ఊపితే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందని కొందరు భయపెడతారు గానీ అది కూడా నిజం కాదు, సెకనుకి 3 మీటర్ల వేగంతో చెయ్యి కొట్టినా అర మీటరు లోతు నీళ్ళ ఒత్తిడికి మించి పెరగదు. అసలు గొడవంతా గాస్కెట్‌తో.

కుక్కర్ గాస్కెట్ సంగతి మీకు తెలిసిందే కదా, కొన్నాళ్ళకి గట్టిపడి పక్కల నుంచి ఆవిరి వదిలేస్తుంది. వాచీలోనూ అలాంటి సన్న రబ్బరు రింగులే, వెనక మూతకి ఒకటి, అద్దానికి ఒకటి, పక్కన తిప్పే క్రౌన్‌కి ఒకటి. చెమట, ఎండ, సబ్బు, పూల్‌లో వేసే క్లోరిన్, అన్నీ వాటిని తినేస్తాయి. ఐదారేళ్ళు సర్వీసు చేయించని వాచీ మీద 30 అని ఉన్నా దాన్ని 0 అనుకోవడమే మంచిది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పెళ్ళిలో మా మావగారు పెట్టిన వాచీతో ఒకసారి నడుము లోతు నీళ్ళలో దిగాను, పాపకి తేలడం నేర్పిస్తూ. మర్నాడు సాయంత్రం ఏసీ కారెక్కితే అద్దం లోపల, 6 అంకె పక్కన, పెసరగింజంత మసక కనిపించింది. పొద్దున్నకి అది పోయింది కాబట్టి సరేలే అనుకున్నాను. మూడు వారాలకి వాచీ ఆగిపోయింది. రిపేరు చేసే పెద్దాయన మూత తీసి భూతద్దంలో చూపించారు, క్రౌన్ కాడ అంతా తుప్పు, డయల్ అంచున రంగు బుడగలా లేచింది, గాస్కెట్‌ని ట్వీజర్‌తో పట్టుకుంటే ఎండిన చిక్కుడు తొక్కలా పుటుక్కున విరిగింది. ఇప్పుడు నడుస్తోంది గానీ డయల్ మార్చాల్సి వచ్చింది. మావగారు పెట్టింది ఆ డయల్ కాదు.

కాబట్టి ఆ మసకని గుర్తుపట్టడం నేర్చుకోండి. చెన్నై ఉక్కలో ఏసీ గది నుంచి బయటికొస్తే అద్దం పైన తేమ పడుతుంది, వేలితో తుడిస్తే పోతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు. తుడిచినా పోకపోతే అది లోపలిది. అలాంటప్పుడు బియ్యం డబ్బాలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ అసలు పెట్టకండి, వేడికి ఆ తేమ మరింత లోపలికి పాకుతుంది. అదే రోజు సర్వీసు చేసేవాళ్ళ చేతిలో పెట్టండి. సముద్రపు నీళ్ళయితే మరీ తొందరపడండి, ఉప్పు తుప్పుని పరిగెత్తిస్తుంది.

ఈతకి వాచీ కావాల్సిందే అంటే 100 మీటర్లు అని ఉన్నది, క్రౌన్‌ని మర తిప్పి బిగించేది చూసి కొనుక్కోండి. రోలెక్స్ 1926లో ఆయిస్టర్ అనే వాచీ తెచ్చినప్పుడు నీటిని ఆపింది ఈ మర బిగింపే, మరుసటి ఏడాది మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ చానల్ చలి నీళ్ళలో గంటల తరబడి ఈదినా ఆమె దగ్గరున్న ఆ వాచీ ఆగలేదు. మామూలు డ్రెస్ వాచీ క్రౌన్ ఊరికే లాగి నొక్కేది, దానికి ఆ పట్టు ఉండదు. ఏ వాచీ అయినా సరే, నీళ్ళలో ఉండగా క్రౌన్ లాగకండి, స్టాప్‌వాచ్ బటన్లు నొక్కకండి. బెసెంట్ నగర్ బీచ్‌లో తడిసొస్తే మంచినీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. ఏడాదికోసారి ప్రెషర్ టెస్ట్ చేయించండి, బ్యాటరీ మార్చినప్పుడు గాస్కెట్ కూడా మార్చమని అడగండి, మనం అడక్కపోతే చాలాచోట్ల పాతదే పెట్టి మూసేస్తారు.

తోలు బెల్టు గురించి చెప్పేదేముంది, ఒక్క ఈతకే బిర్రబిగిసి వాసనొస్తుంది.

ఇంకో చిన్న మాట, తీసిన వాచీని పూల్ గట్టు మీద ఎండలో పెట్టకండి. కాలిన వాచీ మీద చల్లటి నీళ్ళు పడినా లోపలి గాలి ముడుచుకుని, పాత గాస్కెట్ సందుల్లోంచి తేమని లాక్కుంటుంది. ఇంట్లోనే బీరువాలో పెట్టి దిగండి.