మానసిక చికిత్స మందులతో వికారం: మాత్ర మానేసే ముందు చూసుకోవలసినవి

డిప్రెషన్‌కో ఆందోళనకో మందు మొదలుపెట్టిన మూడో నాలుగో రోజున “ఈ మందు నాకు పడటం లేదు, కడుపులో తిప్పుతోంది” అని వచ్చేవారిలో చాలామందికి నిజానికి మందు పడకపోవడమంటూ ఏమీ ఉండదు. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్, వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్ వంటివి సెరటోనిన్ (నరాలు సంకేతాలు పంపుకోవడానికి వాడే రసాయనం) మీద పనిచేసే మందులు. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది కనుక, మనసు తేలికపడటానికి వారాలు పట్టినా కడుపు మాత్రం మొదటి రోజు నుంచే స్పందిస్తుంది. ఈ వికారం సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

మాత్ర వేసుకున్న కాసేపటికే తిప్పుతుంటే

ముందు చూడవలసింది మాత్ర ఏ ఆహారం మీద పడిందన్నది. “టిఫిన్ తిన్నాకే వేసుకున్నాను” అన్నవారిని కాస్త గుచ్చి అడిగితే ఆ టిఫిన్ ఒక టీ, రెండు బిస్కెట్లని తేలుతుంది. కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాలి. నిద్ర చెడకపోతే రాత్రి భోజనం తర్వాతకు మార్చవచ్చేమో డాక్టరును అడగండి. వికారం ఉండే గంటలు నిద్రలో గడిచిపోతాయి. అప్పటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించి నెమ్మదిగా పెంచడం డాక్టరు చేతిలో ఉన్న పని. షీటు మీద ఎక్స్‌ఆర్, సీఆర్, ఎస్‌ఆర్ అని ఉంటే అది మందును నెమ్మదిగా వదిలే మాత్ర, దాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు.

వారాలు గడిచినా పోకపోతే, లేదా తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంటే

అనుభవమున్నవారు కూడా మోసపోయేది ఇక్కడే. ఈ వికారానికి కారణం చాలాసార్లు మందు కాదు, మందు మధ్యలో తప్పిపోవడం. కడుపులో తిప్పుతోందని రోగి ఎవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెడతాడు; మాత్ర పడని రోజున ఒంట్లో మందు తగ్గి వికారం వస్తుంది, మర్నాడు వేసుకుంటే అలవాటు తప్పిన కడుపు మళ్ళీ తిప్పుతుంది, దాంతో మందే శత్రువన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ ఒంట్లోంచి త్వరగా వెళ్ళిపోతాయి కనుక వాటితో ఈ బాధ ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్ వారాల తరబడి నిలిచి ఉంటుంది కనుక దానితో తక్కువ.

కావాలని మానేసేవారిని పట్టుకోవడం తేలికే. “తిన్నాకే వేసుకోండి” అన్న సలహాను అక్షరాలా పాటించేవారిని పట్టుకోవడమే కష్టం. శనివారం ఉపవాసం ఉన్నవారు, తినలేదు గనుక మాత్ర కూడా వేసుకోరు. ఆదివారం మధ్యాహ్నానికి వికారం, తల తిప్పడం మొదలైతే ఆ నేరం మాంసం కూర మీద పడుతుంది. వికారం ప్రతి వారం ఒకే రోజున వస్తోందంటే ముందు రోజు మాత్ర సంగతి అడగవలసిందే.

తేడా గుర్తుపట్టడానికి సమయం చూడాలి. మాత్ర వేసుకున్నాక వచ్చి కొన్ని గంటల్లో తగ్గేది మందు వల్ల వచ్చినది. మాత్ర వేళ దాటాక పెరిగి, తల పక్కకు తిప్పగానే లోపల కరెంటు షాకు కొట్టినట్టు ఉండి, చిరాకు, పీడకలలతో కలిసి వచ్చి, మాత్ర పడ్డాక సర్దుకునేది మాత్ర తప్పడం వల్ల వచ్చినది. నోటిమాట మీద ఆధారపడకుండా షీటు తెప్పించి, కొన్న తేదీ నుంచి ఎన్ని మిగలాలో, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఇకపై ప్రతి గుంట పక్కన పెన్నుతో తేదీ వేసుకోండి. ఉపవాసం రోజున పాలు, అరటిపండుతో వేసుకోవచ్చు. రోజా ఉండేవారు ఇఫ్తార్ తర్వాతి వేళకు మార్చుకోవడం గురించి రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడాలి. తప్పిన మాత్రకు బదులుగా రెండు వేసుకోకూడదు. చాలా రోజులు తప్పితే పాత మోతాదుతో సొంతంగా మళ్ళీ మొదలుపెట్టకూడదు. నిజంగా ఆపవలసి వస్తే డాక్టరే వారాల మీద తగ్గిస్తారు.

మెడికల్ షాపులో వాంతి మాత్ర అడిగే ముందు

ఆండన్‌సెట్రాన్, డోంపెరిడోన్ గుండె లయ మీద ప్రభావం చూపగలవు. ఎస్సిటాలోప్రామ్‌కూ ఆ గుణం ఉంది కనుక రెండూ కలిస్తే ప్రమాదం పెరుగుతుంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటి సైకోసిస్ మందులు వాడేవారికి మెటోక్లోప్రమైడ్ అనే వాంతి మందు ఇస్తే మెడ, దవడ బిగుసుకుపోవచ్చు. మందుల చీటీ చూపించకుండా ఇవేవీ కొనవద్దు.

లిథియం వాడేవారికి కొత్తగా వాంతులైతే

లిథియం బైపోలార్ (మూడ్ ఎగుడుదిగుళ్ళ) జబ్బుకు ఇచ్చే మందు. పైన చెప్పినవేవీ వీరికి వర్తించవు. ఏళ్ళుగా ఇబ్బంది లేనివారికి ఎండదెబ్బ, విరేచనాలు, ఐబుప్రోఫెన్ లేదా డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు రక్తంలో లిథియం పెంచుతాయి. సాధారణంగా లీటరు రక్తానికి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచే స్థాయి 1.5 దాటితే విషమవుతుంది. వాంతులతో పాటు చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దకావడం ఉంటే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి లిథియం పరీక్ష చేయించాలి.

మిగతావి అరుదు. మూర్ఛకూ బైపోలార్‌కూ ఇచ్చే వాల్‌ప్రోయేట్ వాడేవారికి తీవ్రమైన కడుపునొప్పి, కళ్ళు పచ్చబడటం, లేదా సెరటోనిన్ మందులకు ట్రమడాల్ వంటి నొప్పి మందు కలిశాక జ్వరం, వణుకు, కంగారు కనిపిస్తే అదీ అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలసిన విషయం. నెలసరి తప్పినవారు గర్భపరీక్ష చేయించుకుని డాక్టరుకు చెప్పాలి. వాల్‌ప్రోయేట్ వాడుతుంటే మరీ ఆలస్యం చేయకూడదు, అయితే దాన్ని సొంతంగా ఆపకూడదు.