చిన్న తెరచాప పడవలో బ్యాటరీ బిగించేటప్పుడు

తిరుపతిలో ఇంటి దగ్గరే కట్టుకున్న తెరచాప పడవను పులికాట్ సరస్సుకు తీసుకువెళ్లేవారు, నీళ్లు పోసే ఇన్వర్టర్ బ్యాటరీనే అందులో పెట్టుకోవడం ప్రమాదకరం. పడవ ఒరిగితే ఆమ్లం ఒలుకుతుంది. ఆ ఆమ్లంలో ఉప్పునీరు కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుట్టవచ్చు. ఆమ్లాన్ని గాజుపీచు పొరల్లో ఇంకించి, పూర్తిగా మూసి ఉంచే ఏజీఎం రకం బ్యాటరీని ఎంచుకోండి. దీపాలకు 2 ఆంపియర్ల చొప్పున 10 గంటలు వాడితే 20 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. ఏజీఎంను సగానికి మించి ఖాళీ చేయకపోవడం మంచిది కనుక, కనీసం 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలి.

దానిని పడవ మధ్యభాగంలో, అడుగున చేరే నీరు అందనంత ఎత్తున పెట్టెలో ఉంచి, పట్టీతో బిగించి, రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. అంగుళం కూడా కదలకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్యూజు. తీగ మోయగల కరెంటుకు మించని ఫ్యూజును పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు లోపే పెట్టాలి, ఎందుకంటే ఆ రెండింటి మధ్యనున్న తీగ తొడుగు రాపిడికి చిరిగితే ఏ ఫ్యూజూ కాపాడలేదు.