హన్మకొండలో అపార్ట్‌మెంట్ కిరాయిల పని చేయాలంటే ఏ కాయితాలు కావాలె

ఒక అపార్ట్‌మెంట్‌లోనే ఉండుకుంటా అండ్ల ఫ్లాట్లు కిరాయికి ఇప్పించి కిరాయి వసూలు చేసి రిపేర్లు చూసుకునే పనికి ఇప్పుడు మన దగ్గర మంచి గిరాకీ ఉంది. నక్కలగుట్ట, కిషన్‌పుర, నయీంనగర్, హంటర్ రోడ్డు ఎటు పోయినా ఓనర్లల్ల కొంతమంది హైదరాబాద్‌లనో అమెరికాలనో ఉంటరు, తాళంచెవులు వాచ్‌మెన్ దగ్గర ఉంటయ్. ములుగు, భూపాలపల్లి, పరకాల దిక్కుకెల్లి పిల్లల కాలేజీల కోసం, ఎంజీఎం దవాఖానల డ్యూటీల కోసం ఇల్లు వెతుక్కుంటా వచ్చేటోళ్లు వస్తనే ఉంటరు. దీనికి లైసెన్స్ ఎక్కడ తీస్తరు అని చాలామంది అడుగుతున్నరు కాబట్టి నాకు తెలిసినకాడికి పూర్తిగ రాస్తున్న.

ముందుగాల ఒక అపోహ పోవాలె. ఆస్ట్రేలియాల క్వీన్స్‌లాండ్‌లో ఈ పనికోసమే రెసిడెంట్ లెటింగ్ ఏజెంట్ అని వేరే లైసెన్స్ ఉంది, ఆ బిల్డింగ్ అసోసియేషన్ లాంటి బాడీ ఒప్పుకుంటేనే అది ఇస్తరు. మన దగ్గర అట్లాంటి ఒకే లైసెన్స్ లేదు. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను, ఏజెంట్లను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోతది అని కొందరు చెప్తరు గానీ 2016 రెరా చట్టంలో ఏజెంట్ అంటే అమ్మకం, కొనుగోలు కుదిర్చేటోడు, కిరాయిలు అండ్ల రావు. అంటే ఉత్త కిరాయి పని చేసేటోళ్లకు రెరా అక్కర్లేదు.

అయితే ఒక్క మాట, మీరు అక్కడనే ఉంటరు కాబట్టి బిల్డర్ వచ్చి మిగిలిన రెండు ఫ్లాట్లు కూడా నువ్వే అమ్మిపెట్టు అంటడు, ఇది దాదాపు ప్రతి కొత్త అపార్ట్‌మెంట్‌లో జరిగేదే. ఆ ప్రాజెక్ట్ రెరాల రిజిస్టర్ అయి ఉంటే, మీకు ఏజెంట్ రిజిస్ట్రేషన్ లేకుండ ఒక్క ఫ్లాట్ కూడ అమ్మిపెట్టొద్దు. చట్టంలో జరిమానా రోజుకు 10,000 రూపాయలు, అట్ల పెరుగుకుంటా ఫ్లాట్ ఖరీదులో 5 శాతం దాకా పోతది. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లనే అప్లై చేయొచ్చు, సొంత పేరు మీద అయితే ఫీజు 10,000, సర్టిఫికెట్ 5 ఏండ్లు నడుస్తది. పాన్, ఫోటో, ఆఫీస్ అడ్రస్ ప్రూఫ్, గత మూడేండ్ల ఐటీ రిటర్న్‌లు రెడీగ పెట్టుకోవాలె. అమ్మకాల మీద ఆశ ఉన్నోళ్లు ఇప్పుడే తీసిపెట్టుకుంటే మంచిది అని నా అభిప్రాయం.

ఇగ కిరాయి పనికి కావాల్సిన మామూలు కాయితాలు. చిన్న ఆఫీస్ రూం పెడితే వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో షాప్స్ రిజిస్ట్రేషన్. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తోని ఫ్రీగనే అయితది, పైసలు అడిగే ఏజెంట్ల దగ్గరికి పోకుండ్రి. కమీషన్ ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ. కరెంట్ అకౌంట్ ఒకటి వేరేగ తెరువుండ్రి, ఓనర్ల కిరాయి పైసలు మీ ఇంటి ఖర్చుల అకౌంట్‌లో కలవద్దు.

అసలు లైసెన్స్ అంటే మాత్రం ఓనర్ రాసిచ్చే కాయితమే, నేను గట్టిగ చెప్పేది ఇదే. ఫోన్‌లో "నువ్వే చూస్కో తమ్మీ" అన్న మాట మీద పని మొదలుపెట్టకుండ్రి. ఏ ఫ్లాట్, ఎప్పటిదాక, మీరు ఏమేం చేయొచ్చు, కిరాయి మీరు తీసుకోవచ్చా లేక సీదా ఓనర్ అకౌంట్‌లకే పోవాల్నా, అడ్వాన్స్ ఎవరి దగ్గర ఉంటది, అడగకుండ ఎంతదాక రిపేర్ చేయించొచ్చు, మీ కమీషన్ ఎంత, ఇవన్నీ అండ్ల ఉండాలె. 2021లో సెంట్రల్ తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్ (కిరాయిల నమూనా చట్టం)లో ప్రాపర్టీ మేనేజర్ గురించి ఒక భాగం ఉంది, అది రాష్ట్రం సొంతంగ చట్టం చేసుకుంటేనే వర్తిస్తది గానీ పద్ధతి మాత్రం మంచిది: మేనేజర్ పేరు, అతనికి ఓనర్ ఇచ్చిన అధికారం, దేనికోసం, ఎన్ని రోజులు అనేది కిరాయిదారుకు కూడ చూపియ్యాలె, ఇంట్లకు రావాలంటే 24 గంటల ముందు చెప్పాలె, పొద్దుగూకినంక రావద్దు. నేనైతే ఇవి అగ్రిమెంట్‌లో పెట్టిస్త, చట్టం ఉన్నా లేకున్నా.

ఓనర్ రాసిచ్చిన ఆ కాయితంతోని మీరు ఓనర్ బదులు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టలేరు, దానికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలె. అమెరికాల ఉన్న ఓనర్ అయితే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలె, అది ఇండియాకు చేరిన 3 నెలలలోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలె. ఒక్క ఫ్లాట్ కోసం ఇంత ఎందుకు అనుకుంటే అగ్రిమెంట్ కొరియర్ చేసి ఓనర్‌తోనే సంతకం పెట్టించండి. ఏడాది దాటితేనే సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలె అనుకుని అందరు 11 నెలల అగ్రిమెంటే రాసుకుంటరు, గానీ మన రాష్ట్రంల వర్తించే సవరణ ప్రకారం ఏడాదిలోపు కిరాయి అగ్రిమెంట్ కూడ రిజిస్టర్ చేయించాల్సిందే.

ఎన్ఆర్ఐ ఓనర్ విషయంలో ఎవరు పట్టించుకోనిది టీడీఎస్, అంటే కిరాయి ఇచ్చేటప్పుడే కట్ చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను. మామూలు ఓనర్‌కు అయితే నెలకు 50,000 దాటితేనే కిరాయిదారు కట్ చేయాలె, అంత కిరాయిలు మన దగ్గర తక్కువ. అదే ఎన్ఆర్ఐ అయితే ఎంత చిన్న కిరాయి అయినా 30 శాతం, దానిమీద సెస్ కలిపి 31.2 శాతం కట్ చేయాలె, 15,000 కిరాయికి 4,680 అన్నమాట. అగ్రిమెంట్ రోజునే ఇది ఇద్దరికి చెప్పుండ్రి, ఓనర్ కావాల్నంటే తక్కువ కోతకు ఇన్‌కంటాక్స్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. చెప్పకుండ ఊకుంటే రేపు నోటీస్ వచ్చేది ఆ కిరాయిదారుకు, పాపం ఆయనకు ఇదేంటిదో కూడ తెల్వదు.

అసోసియేషన్ వాళ్లతోని కూడ రాతపూర్వకంగ ఒప్పించుకోండ్రి, ప్రెసిడెంట్ మారినప్పుడల్లా నువ్వెవరు అని అడుగుతరు. మూవింగ్ చార్జీలు, లిఫ్ట్‌లో సామాన్ల టైమింగ్స్, పార్కింగ్ నంబర్ ముందే అడిగి రాసుకోవాలె.

ఫోన్‌లో ముందుగాల కులం అడిగే అలవాటు ఈ లైన్‌లో ఉంది. నేను అడగను, మీరు కూడ అడగొద్దని చేతులు జోడించి చెప్తున్న. ఏం పని, ఎంతమంది, ఎన్ని రోజులు ఉంటరు, ఇవి చాలు. ఓనర్ అడగమంటే ఆ ఫ్లాట్ నాకు వద్దని చెప్పేయొచ్చు, వేరే ఫ్లాట్లు దొరుకుతయ్. ఆధార్ తీసుకునేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ తీసుకోండ్రి, లోకల్ పోలీస్ స్టేషన్‌ల కిరాయిదారు వివరాలు ఇయ్యండ్రి. విదేశీ విద్యార్థికి ఇస్తే ఆయన వివరాలు (ఇదివరకు ఫారం సి అనేటోళ్లు) 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాల్సిందే.

తాళం ఇచ్చే రోజు తొందరపడకుండ్రి. కరెంట్ మీటర్ రీడింగ్ ఫోటో, గీజర్ వేసి చూడుడు, ప్రతి నల్ల తిప్పుడు, బాత్‌రూం జాలీలో ఒక బకెట్ నీళ్లు పోసి దిగుతున్నయా లేదా చూసుడు, గోడల మీద మేకులు ఎన్నున్నయో వీడియో తీసుడు. రెండు వందల యూనిట్ల ఫ్రీ కరెంట్ గురించి కిరాయిదారు తప్పకుండ అడుగుతడు, సర్వీస్ నంబర్ పాత కిరాయిదారు రేషన్ కార్డుకు లింక్ అయి ఉంటే ముందే మార్పించాలె.

ఖాళీ చేసే రోజు అవే ఫోటోలు ముందర పెట్టుకుని లెక్క చేయండ్రి. పెయింట్ పాతవడితే అది కిరాయిదారు తప్పు కాదు, తలుపు విరిగితే తప్పే. ఏం కట్ చేసినా బిల్లు చూపించి, మిగిలిన అడ్వాన్స్ సామాన్ల ఆటో కదలకముందే అకౌంట్‌లో వేయించి, ముట్టింది అని అగ్రిమెంట్ వెనకాల సంతకం తీసుకోవాలె.