అద్దానికి దిష్టిచుక్క

విశాఖ మహారాణిపేటలో మా ఇంటి వెనక గదే నా ల్యాబ్. డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అతిశీతల పరమాణువుల మేఘాన్ని పాడు చేయకుండా ఫోటో ఎలా తీస్తారు సార్ అని ఒకమ్మాయి అడిగింది. బోర్డు మీద చెబితే ఇద్దరికీ అర్థం కాలేదు, ఆ అమ్మాయికీ, నాకూ. అందుకే ఆ ఫోటో పద్ధతికి ఒక నమూనాను బల్ల మీద కట్టాను.

ముందు అసలు చిక్కు. రుబీడియం పరమాణువులకు సరిగ్గా నప్పే 780 నానోమీటర్ల లేజర్ వేస్తే అవి వెలుగును మింగుతాయి, చక్కటి నీడ పడుతుంది. ఫోటో వస్తుంది, మేఘం పోతుంది. ఒక్క ఫోటాన్, అంటే వెలుగు రేణువు, ఇచ్చే తోపే ఉష్ణోగ్రత లెక్కలో సుమారు 360 నానోకెల్విన్. మేఘం ఉండేదే వందల నానోకెల్విన్లలో. అందుకని లేజర్ ఫ్రీక్వెన్సీని పక్కకు జరుపుతారు. పది రెట్లు ఎక్కువ దూరం జరిపితే మింగడం వందో వంతుకు పడిపోతుంది, తరంగం ఎత్తుపల్లాలు పడే చోటును, అంటే ఫేజ్‌ను జరపడం మాత్రం పదో వంతుకే తగ్గుతుంది. ఇక మేఘం గాజు లాంటిది. నీడ పడదు, వెలుగును కాస్త వంచుతుంది అంతే. సూటిగా వచ్చిన వెలుగును అడ్డుకుని, వంగినదాన్ని మాత్రమే కెమెరాకు వదిలితే మేఘం కనిపిస్తుంది. 1996లో అమెరికాలోని ఎంఐటీలో భౌతిక శాస్త్రవేత్త కెటర్లీ బృందం సోడియం మేఘాన్ని ఇలాగే చూసింది.

మన బల్ల మీద ఆ మేఘానికి బదులు లైటర్ గ్యాస్.

లెన్సు కోసం పాత బైనాక్యులర్ ముందు గాజు తీసుకున్నాను. దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే డాల్ఫిన్ నోస్ కొండ గోడ మీద తలకిందులుగా పడింది. గోడకూ లెన్సుకూ మధ్య 19 సెంటీమీటర్లు. అదే ఫోకల్ లెంగ్త్. దానికి రెట్టింపు, అంటే 38 సెంటీమీటర్ల దూరంలో ఎల్ఈడీ టార్చి పెట్టి, మూతికి వంటింటి ఫాయిల్ చుట్టి, సన్నటి సూదితో ఒక్క చిల్లు పొడవండి. లెన్సుకు అవతల కూడా 38 దగ్గర ఆ చిల్లు బొమ్మ పడుతుంది. తెల్ల కాగితం ముందుకూ వెనక్కూ జరుపుతూ చుక్క బాగా సన్నబడే చోటు పట్టుకోండి. లేజర్ పాయింటర్ జోలికి పోకండి. నేను పోయాను, తెర నిండా వలయాలే. కంటికీ ప్రమాదం.

ఆ వెలుగు చుక్క సన్నబడ్డ చోట మైక్రోస్కోప్ స్లైడు నిలబెట్టి, వెలుగును ఆపేలా దాని మీద నల్ల చుక్క పెట్టాలి. మార్కర్ ఇంకు వెలుగును ఆపలేదు. చివరికి మనవరాలికి దిష్టిచుక్క పెట్టే నల్ల తిలకం అగ్గిపుల్ల మొనతో పెట్టాను, అది ఆపింది! చుక్క సైజు దగ్గరే ఓపిక కావాలి. చిన్నదైతే పక్కల నుంచి వెలుగు కారి తెరంతా తెల్లగా అయిపోతుంది. పెద్దదైతే కొద్దిగా వంగిన వెలుగును కూడా మింగేస్తుంది, మేఘం అంచులు మాత్రమే మిగులుతాయి. నాకు ఏడో చుక్క కుదిరింది.

స్లైడు వెనక ఫోన్ పెట్టి, లెన్సు ముందు పట్టుకున్న పెన్ను మొన మీద ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. ఫ్యాను ఆపండి, చెమట తప్పదు. గదిలో ఎక్కడా మంట లేకుండా చూసుకుని, పెన్ను తీసి అదే చోట లైటర్ పెట్టి, చక్రం తిప్పకుండా మీట మాత్రం రెండు సెకన్లు నొక్కండి. ఉత్త గాలి అనుకున్న చోట నల్లటి తెర మీద వెండి జరీలాంటిది కిందికి జారుతుంది. బ్యూటేన్ గాలి కన్నా బరువు కదా. అయ్యాక కిటికీలు తెరిచేయండి.

ఏమీ వదలకుండానే నక్షత్రాల్లా మచ్చలు మెరిస్తే అది లెన్సు మీద ఫంగస్. మన సముద్రపు తేమకు తప్పదు. దుమ్మూ ఫంగసూ కూడా వెలుగును వంచేవే, చుక్క వాటిని ఆపదు. లెన్సును బియ్యం డబ్బాలో దాచొద్దు, పొడి అంటుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలు వాడండి.

ఈ పద్ధతిలో పలచటి మేఘం బొత్తిగా మసకేస్తుంది, ఎందుకంటే ఇక్కడ వెలుగు ఫేజ్ మార్పు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది. పెద్ద ల్యాబుల్లో నల్ల చుక్క బదులు, సూటి వెలుగును పావు తరంగం జరిపే పారదర్శకమైన చుక్క వాడతారు. డచ్ శాస్త్రవేత్త జెర్నికెకు 1953లో నోబెల్ తెచ్చిన ఫేజ్ కాంట్రాస్ట్ ఉపాయం అదే. అలాంటి చుక్క తిలకం సీసాలో దొరకదు మరి.