బ్రీత్ అనలైజర్ అంకె తప్పనిపిస్తే ఆ రాత్రే చేయవలసిన పనులు

జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో అర్ధరాత్రి బారికేడ్ల మధ్య బండి ఆపి, పోలీసులు కొత్త స్ట్రా తొడిగి ఊదమన్నప్పుడు తెరపై పడే అంకెను చాలామంది తీర్పుగానే భావిస్తారు. నిజానికి అది సాక్ష్యం మాత్రమే, కాబట్టి దానిని న్యాయస్థానంలో ప్రశ్నించవచ్చు. అయితే తాగి బండి నడిపినవారు ఎదుటివారి ప్రాణాలతో చెలగాటమాడుతున్నారు, వారికి తప్పించుకొనే దారి చూపడం నా ఉద్దేశం కాదు. ఈ మాటలు అంకె తప్పని నిజాయతీగా నమ్ముతున్నవారికే.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రోడ్డు మీది యంత్రం రక్తాన్ని కొలవదు. ఊపిరిలోని మద్యాన్ని కొలిచి, రక్తంలో దానికి సుమారు 2,100 రెట్లు ఉంటుందన్న సగటు లెక్కతో అంకె చూపిస్తుంది. 203వ సెక్షన్ కూడా ఈ పరీక్షను రక్తంలో మద్యం ఉన్నదన్న సూచన కోసం చేసేదిగానే నిర్వచించింది.

ఊదడానికి నిరాకరించడం మాత్రం పెద్ద పొరపాటు. నిరాకరిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, సహేతుకమైన కారణం చూపకపోతే 205వ సెక్షన్ కింద ఆ నిరాకరణే ప్రాసిక్యూషన్‌కు బలమవుతుంది. ఊదండి, కాని ముందు తెర చూడండి. ఎవరూ ఊదకుండా చేసే ఖాళీ పరీక్షలో యంత్రం సున్నా చూపాలి. అలా చూపని యంత్రం ఇచ్చిన ఫలితాన్ని నమ్మలేమని 2025లో కేరళ హైకోర్టు ఒక కేసును కొట్టివేసింది. స్ట్రా మీ ఎదుటే కవరు చించి తీశారో లేదో గమనించి, యంత్రం సంఖ్యను, సమయాన్ని ఫోనులో రాసుకోండి.

మౌత్‌వాష్, దగ్గు మందు, ఆల్కహాలు కలిపిన హోమియో చుక్కలు నోట్లో మిగిలి ఉంటే అంకె ఎగబాకుతుంది. అటువంటిది వాడి ఉంటే ఆ మాట అప్పుడే చెప్పి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించమని మర్యాదగా అడగండి. ఈ రెండో అంకె చాలా విషయం చెబుతుంది. శరీరం గంటకు ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాముల మద్యాన్నే ఖర్చు చేయగలదు గనుక పావుగంటలో తగ్గేది నాలుగైదు మిల్లీగ్రాములే. మొదట 58 వచ్చి పావుగంట తరువాత 12 వస్తే ఆ మద్యం నోటిది, 54 వస్తే రక్తంలోదే. తెల్లవారాక రక్తపరీక్ష చేయించుకొని సున్నా వచ్చిందని వాదించినా ఇదే లెక్క అడ్డు వస్తుంది.

అందుకే రక్తపరీక్ష కావాలంటే ఆలస్యం చేయకుండా అడగాలి. 204వ సెక్షన్ రక్త నమూనా కోరే అధికారాన్ని పోలీసులకే ఇచ్చింది, అయినా మీరు కోరిన విషయం కాగితంపై ఉండటం ముఖ్యం. స్లిప్‌పై సంతకం చేసే ముందు “ఫలితంతో ఏకీభవించడం లేదు, రక్తపరీక్ష కోరాను” అని సమయంతో సహా రాయండి. రక్తం తీసే చోట చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకుండా చూసుకోవడం కూడా అవసరమే.

గీత మీద నడిపించడం, ఒంటికాలిపై నిలబెట్టడం వంటి పరీక్షలు అమెరికా పోలీసులవి, మన చట్టంలో వాటికి నిర్ణీత పద్ధతి లేదు. మద్యం వాసన, తూలే నడక, తడబడే మాట మాత్రమే చాలవని, రక్త, మూత్ర పరీక్షలు లేనప్పుడు నేరం రుజువు కాదని సుప్రీంకోర్టు 1971లోనే ఒక కేసులో తేల్చింది.

అసలైన చిక్కు న్యాయస్థానంలో మొదలవుతుంది. జరిమానా కట్టి ఒక్కపూటలో బయటపడదామన్న తొందరలో చాలామంది నేరం ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక శిక్ష పరిమాణం, చట్టబద్ధత గురించి తప్ప అప్పీలు ఉండదు. కాబట్టి ఒప్పుకోవడానికి ముందే ఛార్జిషీటు ప్రతులు ఉచితంగా తీసుకొని, యంత్రం చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ అయిందో, అంటే సరైన అంకె చూపేలా ఎప్పుడు సరిచూశారో చూపే ధ్రువపత్రాన్ని, ప్రింటవుట్‌కు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఉండవలసిన ధ్రువపత్రాన్ని మీ న్యాయవాది ద్వారా కోరండి. పరీక్ష చేసిన అధికారిని సాక్షిగా ప్రశ్నించే హక్కు మీకుంది. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, నిర్ణీత పరిమితిలోపు ఆదాయం ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

బండి విషయంలో తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది: తాగి నడిపారన్న కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకొనే అధికారం పోలీసులకు లేదు. వెంట ఉన్న, మద్యం తాగని, లైసెన్సు గలవారికి దానిని అప్పగించాలి, ఎవరూ లేకపోతే బంధువులకు కబురు చేయాలి. లైసెన్సును రవాణా శాఖకు పంపితే అక్కడ వేరే విచారణ జరుగుతుంది. దానిని రద్దు చేస్తూ ఉత్తర్వు వస్తే, అది అందిన 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి.