ఐదు మీటర్ల మడి నుంచి రాష్ట్రం లెక్క దాకా

బడ్జెట్ రోజుల్లో పేపర్లో ఒక అంకె వస్తుంది: రాష్ట్ర ఆదాయంలో వ్యవసాయం వాటా ఇంత శాతం అని. ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్న మా మేనకోడలు ఆ అంకె పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "అత్తా, ఆంధ్రప్రదేశ్‌లో పంటల విలువ ఎంత, అడవుల విలువ ఎంత అని విడివిడిగా నేనే కట్టి చూపించాలి. ఎక్కడ మొదలుపెట్టను?" అంది. నేను గణాంక శాఖలో మండలం స్థాయిలో చేరి, జిల్లా స్థాయిలో రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గోదావరి డెల్టాలో, కొన్నేళ్లు రంపచోడవరం ఏజెన్సీలో గడిచింది. తనకి రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏది కావాలో తేల్చుకోండి. 'వ్యవసాయం, అనుబంధ రంగాలు' అన్న పేరు కింద నాలుగు ఖాతాలు ఉంటాయి: పంటలు, పశుపోషణ, అటవీ, మత్స్య. మన రాష్ట్రంలో రొయ్యల చెరువులు, చేపల చెరువులు చాలా పెద్ద పద్దు. అవి పెరిగినందుకు 'వ్యవసాయం' పెరిగిందని వార్త వస్తే, వరి రైతుకి దాంతో సంబంధం ఉండకపోవచ్చు. కాబట్టి మొదటి రోజే పశువుల్నీ చేపల్నీ పక్కన పెట్టేయండి. మామిడి, అరటి, కొబ్బరి, మిర్చి, కూరగాయలు అన్నీ పంటల్లోకే వస్తాయి.

పద్ధతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. దిగుబడిని విస్తీర్ణంతో గుణిస్తే ఉత్పత్తి వస్తుంది, దాన్ని రైతు చేతికి వచ్చిన ధరతో గుణిస్తే ఉత్పత్తి విలువ వస్తుంది, అందులోంచి కొన్న సరుకుల ఖర్చు తీసేస్తే స్థూల విలువ జోడింపు, అంటే జీవీఏ, మిగులుతుంది. తప్పులన్నీ ఈ మాటల మధ్య సందుల్లో దాక్కుంటాయి.

విస్తీర్ణం గురించి ఎక్కువ చెప్పను. ఏ చేలో ఏ పంట ఉందో రాసే ఊరి రికార్డు అడంగల్‌లోంచి, ఇప్పుడైతే ఈ-క్రాప్ అనే ఆన్‌లైన్ పంట నమోదులోంచి వస్తుంది. ఒకే చేలో సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వేస్తే రెండుసార్లు లెక్కించాలి. అంతర పంటను మరిచిపోకూడదు.

దిగుబడి దగ్గర మాత్రం ఆగాలి. రాష్ట్రం మొత్తం అంకెకి పునాది పంటకోత ప్రయోగం, అంటే ఎంపికైన చేలల్లో చిన్న మడి కోసి తూచి చూడటం. ఊరు, సర్వే నంబరు యాదృచ్ఛిక సంఖ్యలతో ముందే ఎంపికై ఉంటాయి. కోతకి ముందు చేనికి వెళ్లి నైరుతి మూలన నిలబడతాం. ఆ సంఖ్యల పట్టిక చెప్పినన్ని అడుగులు పొడవుకి, మళ్లీ చెప్పినన్ని వెడల్పుకి నడిచి, ఆగినచోట మేకు కొడతాం. వరికి మడి ఐదు మీటర్లు పొడవు, ఐదు మీటర్లు వెడల్పు. నాలుగు మేకులు కొట్టి తాడు బిగించాక కర్ణం కొలవాలి. 7.07 మీటర్లు రాకపోతే మడి చదరంగా లేనట్టే, మేకులు పీకి మళ్లీ కొట్టాలి. ఎండలో ఇది విసుగు పుట్టించే పనే. కానీ మేకు అరడుగు అటు జరిగితే ఆ తేడా హెక్టారు లెక్కలో నాలుగు వందల రెట్లవుతుంది. 25 చదరపు మీటర్ల మడులు హెక్టారులో నాలుగు వందలు పడతాయి మరి.

రైతు పక్కనే ఉంటాడు. "మేడంగారూ, ఆ మూలకెందుకండీ, ఇటు రండి, ఇక్కడ కంకి బాగుంది" అంటాడు. పంటల బీమా మడి దిగుబడితో ముడిపడ్డాక ఆ మాట తిరగబడింది. "ఇక్కడ తాలు ఎక్కువండీ, ఇక్కడ కొయ్యండి" అంటారు. ఇద్దరి కష్టమూ నాకు తెలుసు. అయినా పట్టిక చెప్పిన చోటే కొయ్యాలి. ఒకరికి మేలు చేద్దామని జరిగితే ఆ ఊళ్లో మిగతా రైతులందరికీ అబద్ధపు దిగుబడి రాసినట్టు.

కోసి, టార్పాలిన్ మీద నూర్చి, తూర్పారబట్టి తూకం వేస్తాం. అందులోంచి కిలో గింజలు విడిగా తీసి, ఆరబెట్టి, మళ్లీ తూస్తాం. ఒక ఊహాలెక్క వేసి చూపిస్తాను, అంకెలు నేర్చుకోవడానికి మాత్రమే. మడికి సగటున 15.5 కిలోలు వచ్చాయి, కిలో గింజ ఆరాక 900 గ్రాములైంది అనుకోండి. అంటే మడికి 13.95 కిలోలు. నాలుగు వందలతో గుణిస్తే హెక్టారుకి 5,580 కిలోల ధాన్యం. హెక్టారుకి 2.471 ఎకరాలు కాబట్టి ఎకరాకి సుమారు 2,258 కిలోలు, అంటే డెల్టా రైతు భాషలో 75 కిలోల బస్తాలు ముప్పై. ఈ ముప్పైని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ప్రభుత్వ పట్టికల్లో వరి ఉత్పత్తి ధాన్యంగా కాదు, బియ్యంగా ఉంటుంది. ధర మాత్రం రైతు ధాన్యానికి తీసుకుంటాడు. ధాన్యం ఆడిస్తే వచ్చే బియ్యం సుమారు మూడింట రెండు వంతులు. పచ్చి బియ్యానికి, అంటే ఉప్పుడు బియ్యం కానిదానికి, ప్రభుత్వ సేకరణలో వాడే నిష్పత్తి 67 శాతం. సర్వీసు తొలి రోజుల్లో నేను బియ్యం టన్నుల్ని ధాన్యం ధరతో గుణించి, నీట్‌గా కూడిక వేసి, సంతకం పెట్టి పంపించాను. పైన ఊహాలెక్కలో లక్ష హెక్టార్లు, క్వింటా 2,100 రూపాయలు అనుకుంటే సరైన విలువ 1,171.8 కోట్లు. నేను చేసినట్టు చేస్తే 785 కోట్లే వస్తుంది. ఒక్క పంటలో దాదాపు 387 కోట్లు మాయం. దాన్ని పట్టుకున్నది మా సీనియర్, ఎలా పట్టుకున్నారో చివర్లో చెబుతాను.

పత్తికీ ఇదే తిరకాసు. పట్టికలో 170 కిలోల బేళ్లు ఉంటాయి, అది గింజ తీసిన దూది. రైతు అమ్మేది గింజతో ఉన్న పత్తి, అందులో దూది మూడో వంతు చుట్టుపక్కల ఉంటుంది. బేళ్లని పత్తి ధరతో గుణిస్తే విలువ మూడో వంతుకి పడిపోతుంది. వేరుశనగ కాయా పప్పా, చెరకా బెల్లమా, పసుపు పచ్చి కొమ్మా ఎండు కొమ్మా అని ప్రతి పంటకీ అడగండి. ఊళ్లో కొలతలు ఇంకో చిక్కు. డెల్టాలో బస్తా 75 కిలోలు, కొనుగోలు కేంద్రంలో సంచి 40 కిలోలు, నెల్లూరులో పుట్టి 850 కిలోలు. గుంటూరు యార్డులో మిర్చిని టిక్కీల్లో, అంటే బస్తాల్లో చెబుతారు, టిక్కీ బరువు అడక్కుండా గుణించకండి. మా మేనకోడలికి నేను పెట్టిన మొదటి నియమం ఏమిటంటే, ప్రతి నిలువు వరస నెత్తిన యూనిట్ రాయకుండా ఒక్క అంకె కూడా ఎక్కించకూడదు.

ధర సంగతికొస్తే, మద్దతు ధర పెట్టి గుణించేయడం చాలామంది చేసే పని. 2024-25లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,300 రూపాయలు. అది ప్రకటించిన ధర. తేమ ఉందని కోత పెట్టి, కళ్లంలోనే వ్యాపారికి ఇచ్చేసిన రైతుకి వచ్చింది అది కాదు. కావాల్సింది పంట చేతికొచ్చే ఆరేడు వారాల్లో ఊళ్లో రైతు వ్యాపారికి అమ్మిన టోకు ధర. జిల్లాల సగటు తీసేటప్పుడు ఎక్కువ పండిన జిల్లాకి ఎక్కువ బరువు ఇవ్వాలి. గడ్డిని వదిలేయకండి. వరిగడ్డి, చొప్ప కూడా ఉత్పత్తే, అమ్మినా, సొంత గొడ్లకి వేసినా.

తర్వాత తీసివేత. విత్తనం, ఎరువులు, పురుగుమందులు, డీజిల్, కరెంటు, నీటి తీరువా, పనిముట్ల మరమ్మతు. ఇవి తీసేయాలి. కూలి తీసేయకూడదు, కౌలు తీసేయకూడదు. ఇక్కడ మా మేనకోడలు ఆగిపోయింది. "అదేంటత్తా, రైతుకి పెద్ద ఖర్చులు అవే కదా?" అంది. రైతుకి ఖర్చే. రాష్ట్రం లెక్కలో మాత్రం కూలి నాట్లేసిన ఆమె ఆదాయం, కౌలు భూమి యజమాని ఆదాయం. రెండూ ఆ చేలో పుట్టిన విలువలో పంపకాలే. మన ఊహాలెక్కలో గడ్డికి హెక్టారుకి 5,000, కొన్న సరుకులకి 32,000 అనుకుంటే, 1,221.8 కోట్ల ఉత్పత్తిలోంచి 320 కోట్లు పోయి 901.8 కోట్ల జీవీఏ మిగిలింది. దీన్ని రైతుల సంఖ్యతో భాగించి 'రైతు ఆదాయం' అని రాసినవాళ్లని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కౌలురైతు ఇంట్లో అందులో సగం కూడా మిగలదు. ఆ అంకె చూపించి అతను బాగున్నాడని చెప్పడం అన్యాయం.

రెడీమేడ్ పట్టికలు తీసుకునేవాళ్లకి ఇంకో మాట. కేంద్ర గణాంక శాఖ రాష్ట్రాలవారీగా, పంటలవారీగా ఇచ్చేది ఉత్పత్తి విలువ. ఖర్చులు తీసేసిన జీవీఏ కాదు. మిర్చి ఉత్పత్తి విలువని రాష్ట్ర జీవీఏతో భాగించి శాతం రాస్తే, పురుగుమందుల బిల్లు కూడా మన సంపాదనలో కలిపినట్టు. రంగం వాటా తీసేటప్పుడు కింద పెట్టాల్సింది రాష్ట్ర స్థూల విలువ జోడింపు. పన్నులు కలిసి, సబ్సిడీలు పోయిన జీఎస్‌డీపీని, అంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తిని పెట్టకూడదు.

ఇక అడవి. పంటకి చేను ఉంది, రైతు ఉన్నాడు, అడిగితే చెబుతాడు. అడవి సొమ్ము అలా కంటికి కనబడదు. మూడు మూటలు అనుకోండి: కలప, వంటచెరకు, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు. నిలబడి ఉన్న చెట్టు ఈ లెక్కలోకి రాదు. కొట్టి బయటికి తెచ్చిందే వస్తుంది. చెట్టు పట్టి ఉంచిన నేల, నిలిపిన నీరు కూడా ఇందులో లేవు.

కలపలో అటవీ శాఖ డిపోలకి చేరింది నమోదవుతుంది. అసలు రాశి బయట ఉంది. తీరంలో సరుగుడు, మెట్టలో జామాయిల్, సుబాబుల్, కాగితం మిల్లులకి లారీలకొద్దీ వెళ్లేదంతా రైతుల పొలాల్లో పెరిగిందే, అయినా ఖాతా అటవీదే. మామిడికాయ పంటల్లోకి వస్తుంది, ఆ చెట్టు కొట్టి అమ్మిన దుంగ అటవీలోకి వస్తుంది. అందుకే రెండు ఖాతాలూ పక్కపక్కన పెట్టుకునే పని చేయాలి.

దుంగ కొలత దగ్గర ఒకసారి డిపోలో గార్డు నాకు టేపు చేతికిచ్చి నేర్పాడు. నడుం చుట్టుకొలత తీసుకుని, నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించాలి. 120 సెంటీమీటర్ల చుట్టుకొలత, మూడు మీటర్ల పొడవు ఉంటే 0.27 ఘనమీటరు. గుండ్రటి దుంగగా లెక్కిస్తే అదే దుంగ 0.344 వస్తుంది. పావు చుట్టుకొలత పద్ధతి అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది. కాబట్టి పరిమాణం ఏ పద్ధతిలో ఉంటే ధర కూడా ఆ పద్ధతిలోని ఘనమీటరుకే తీసుకోవాలి.

వంటచెరకుకి బిల్లు ఉండదు. కొండ దిగి వచ్చే ఆడవాళ్ల తలమీద మోపుని ఎవరూ తూయరు. అందుకని ఇళ్లల్లో ఎంత కాల్చారన్నది గృహవినియోగ సర్వేల నుంచి తీసుకుని వెనక్కి లెక్క వేస్తారు. గ్యాస్ పెరిగిన కొద్దీ ఈ అంకె మారాలి. పాత సర్వే నిష్పత్తి పట్టుకుని కూర్చుంటే అటవీ విలువ ఉబ్బిపోతుంది.

మూడో మూట నాకు చాలా ఇష్టమైనది. చింతపండు, అడ్డాకులు, కుంకుడుకాయ, ఇప్పపువ్వు, తపసి జిగురు, తేనె. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనేది రికార్డులో దొరుకుతుంది. కానీ రంపచోడవరం ఏజెన్సీలో సంత రోజున తెల్లారేసరికే షావుకార్లు దారిలో కాపుకాసి కావిళ్లు దింపించుకోవడం నేను చూశాను. అది ఏ రికార్డులోనూ ఉండదు. సంస్థ కొనుగోళ్లనే మొత్తం ఉత్పత్తి అనుకుంటే గిరిజనుల కష్టంలో పెద్ద ముక్క లెక్క తప్పిపోతుంది. బీడీ ఆకు కట్టల్లో వస్తుంది: కట్టకి 50 ఆకులు, స్టాండర్డ్ బ్యాగుకి వెయ్యి కట్టలు. సేకరించినవాళ్లకి కట్టకి ఇచ్చే రేటు వేరు, వేలంలో కాంట్రాక్టరు పాడిన ధర వేరు. ఏది వాడారో రాసిపెట్టి, అన్ని సంవత్సరాలకీ దాన్నే వాడండి.

అటవీ శాఖ రాబడిని అటవీ ఉత్పత్తి అనుకోకండి. ఎర్రచందనం దుంగలు పట్టుబడిన ఏడాది వేరు, వేలం వేసిన ఏడాది వేరు. వేలం జరిగిన ఏడాది రాబడి ఎగిరి కూర్చుంటే ఆ ఏడాది అడవి ఎక్కువ పండిందని కాదు.

సంవత్సరాలు పోల్చాలంటే స్థిర ధరల వరస, అంటే అన్ని ఏళ్లకీ ఒకే ఆధార సంవత్సరం ధరలతో కట్టిన వరస తీసుకోండి. ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన ఆధార సంవత్సరం 2011-12. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటప్పుడు కాయ తగ్గకపోయినా ప్రస్తుత ధరల్లో విలువ పడిపోతుంది. ఎల్లలు కూడా చూసుకోండి. 2014 జూన్ 2కి ముందున్న 'ఆంధ్రప్రదేశ్' అంకె వేరే రాష్ట్రానిది. ఖమ్మం నుంచి చింతూరు లాంటి మండలాలు ఇటు కలిశాయి. 2022 ఏప్రిల్‌లో రంపచోడవరం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అడవి జిల్లా మారితే తూర్పు గోదావరిలో అటవీ విలువ కూలిపోయినట్టు కనిపిస్తుంది, చెట్టు ఒక్కటీ పడకుండానే.

అంతా అయ్యాక, సంతకం పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. మా సీనియర్ చేసింది ఇదే. మొత్తం విలువని ఎకరాలతో భాగించారు. మన ఊహాలెక్క అంకెల్లోనే చెబితే, సరైన లెక్కలో ఎకరాకి సుమారు 47,400 రావాలి, నా కాగితంలో 31,800 లోపే వచ్చింది. దాన్ని బస్తా ధర 1,575తో భాగించి, "ఎకరాకి ఇరవై బస్తాలేనామ్మా? ముప్పై కోసి వచ్చావు కదా, మిగతా పది ఎక్కడ?" అని అడిగారు. మా మేనకోడలు తన షీట్ తెచ్చిన రోజున నేను కూడా పత్తి వరస మీద వేలుపెట్టి అదే అడిగాను. తను బేళ్ల దాకా వెనక్కి వెళ్లి, నిలువు వరస నెత్తిన 'దూది' అని కొత్తగా రాసుకుంది.